గ్లాసులోకి వచ్చే ఆకుకూర

(హనుమకొండలోని ఒక కాలనీ సమావేశ మందిరంలో, కార్తీక మాసం ముగిసిన తరువాతి ఆదివారం ఉదయం, గృహ విజ్ఞాన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాము.)

అందరికీ నమస్కారం. ఇంత చలిలో, అదీ ఆదివారం పొద్దున, ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. వెనుక కూర్చున్నవారికి వినిపిస్తోందా? వినిపించకపోతే చేయి ఎత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

ఈ మధ్య నన్ను ఎక్కడ కలిసినా, పెళ్లిలో కలిసినా, కూరగాయల దుకాణం దగ్గర కలిసినా, చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మేడమ్, గ్రీన్ స్మూతీ ఎలా చేయాలి? కేల్ ఆకు ఎక్కడ దొరుకుతుంది?" గ్రీన్ స్మూతీ అంటే ఆకులు, పండ్లు కలిపి మిక్సీలో తిప్పి చేసే పానీయం. ఫోనులో దాని వీడియో చూసి ఉంటారు. ఆ వీడియోలో కేల్ వేస్తారు, అవకాడో వేస్తారు, చియా గింజలు వేస్తారు. అవి చెడ్డవి అని నేను అనడం లేదు. కానీ ఈ బల్ల మీద ఏమున్నాయో ఒక్కసారి చూడండి. పాలకూర, తోటకూర, మెంతికూర, గంగవాయిలి కూర, మునగాకు, కొత్తిమీర, పుదీన. ఇవన్నీ ఈ రోజు తెల్లవారుజామున లక్ష్మీపురం మార్కెట్లో తెచ్చినవి, ఒక్క మునగాకు తప్ప. మునగాకు మా పెరట్లోది. ఇన్ని రకాల ఆకులు కాలి నడక దూరంలో దొరికే ఊళ్లో ఉంటూ, ఎక్కడో చల్లని దేశంలో పండే ఆకు దొరకలేదని పానీయం చేయడం మానుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది. అందుకే ఈ రోజు ఇక్కడికి వచ్చాను.

ముందుగా ఒక లెక్క చెబుతాను. ఈ లెక్క వింటే మీకు కొంచెం నిరుత్సాహం కలగవచ్చు, అయినా ముందే చెప్పడం నా బాధ్యత. మన హైదరాబాదులో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకుకూర కావాలని వాళ్లు చెబుతున్నారు. వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని కూడా లెక్క కట్టారు. ఇప్పుడు 100 గ్రాముల పాలకూరలో ఇనుము ఎంత? సుమారు 3 మిల్లీగ్రాములు. మనం ఒక గ్లాసులో వేయగలిగేది ఒక పెద్ద పిడికెడు ఆకు, అంటే 30 లేక 40 గ్రాములు. అంటే ఒక గ్లాసులో మనకు అందే ఇనుము ఒక మిల్లీగ్రాము మాత్రమే. అదైనా మొత్తం ఒంటికి పట్టదు. ఆకుల్లోని ఇనుములో కొద్ది భాగాన్నే మన పేగులు పీల్చుకుంటాయి.

మరి ఎందుకు తాగాలి? అడగవలసిన ప్రశ్నే ఇది. తాగవలసింది రక్తం పెరుగుతుందని కాదు. రక్తహీనత ఉన్నవారు డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేసి ఈ పానీయం మీద ఆధారపడితే నష్టపోతారు. మన రాష్ట్రంలో స్త్రీలలో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువగా ఉన్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కాబట్టి ఈ మాటను ఎవరూ తేలికగా తీసుకోవద్దు. మాత్ర మాత్రే, ఆకు ఆకే. కానీ 100 గ్రాముల ఆకుకూర రోజూ తింటున్న ఇల్లు మన కాలనీలో ఎన్ని ఉన్నాయి? వారానికి రెండు సార్లు పప్పులో ఒక కట్ట వేసి, ఆ పప్పును ఐదుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది? ఆ లోటులో మూడో వంతును పొద్దున్నే ఒక చిన్న గ్లాసు తీరుస్తుంది. మిగిలిన రెండు వంతులు మధ్యాహ్నం పుంటికూర పప్పులోనో, తోటకూర వేపుడులోనో రావాలి. గ్లాసు తాగాను కాబట్టి కూర వద్దు అనుకుంటే మనం ముందుకు నడిచినట్లా, వెనుకకు నడిచినట్లా?

ఇక కడగడం గురించి చెబుతాను. వండే ఆకు వేరు, పచ్చిగా తాగే ఆకు వేరు. కూరలో ఆకు మరుగుతుంది, అందులో ఏ సూక్ష్మజీవి ఉన్నా చాలావరకు చచ్చిపోతుంది. మిక్సీలో ఆకు మరగదు. ఆకుకూర మళ్లకు పారించే నీరు ఎక్కడిదో మనకు తెలియదు. మురుగు కలిసిన నీటితో పెరిగిన ఆకులో విరేచనాలు కలిగించే క్రిములే కాదు, బద్దెపురుగు గుడ్లు కూడా ఉండవచ్చు. ఆ గుడ్లు కడుపులోకి పోతే కొందరిలో మెదడు వరకు చేరి ఫిట్స్ రావడానికి కారణమవుతాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు, జాగ్రత్త కోసం చెబుతున్నాను.

ఈ స్టీలు గిన్నె చూడండి. ముందు వరుసలో ఉన్న అక్కా, మీరు ఒక్కసారి లేచి లోపలికి చూసి అందరికీ చెప్పండి. అడుగున ఏమున్నది? ఎర్ర మన్ను. ఇది మూడోసారి కడిగిన నీరు. మొదటిసారి కాదు, రెండోసారి కాదు, మూడోసారి. చెల్క భూమిలో పెరిగిన పాలకూర కాబట్టి వేరు దగ్గర, కాడ మడతలో మన్ను దాగి ఉంటుంది. మనలో చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, ఆకును గిన్నెలో ముంచి, కలిపి, గిన్నెను చిల్లుల పళ్లెంలోకి వంచుతారు. అప్పుడు అడుగున దిగిన మన్ను నీటితో పాటు వచ్చి మళ్లీ ఆకు మీదనే పడుతుంది. అలా వంచకండి. కట్ట విప్పి, వేరు కోసి, ఆకులను విడివిడిగా చేసి, నిండా నీళ్లలో వేసి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, రెండు చేతులతో ఆకును పైకి ఎత్తి వేరే గిన్నెలో వేయండి. మన్ను అడుగునే ఉండిపోతుంది. నీరు తేటగా కనిపించేంత వరకు ఇలాగే చేయండి.

ఉప్పు నీళ్లలో వేస్తే చాలదా అని మీరు అడగబోతున్నారు. చాలదు. ఉప్పు వల్ల పురుగులు తేలుతాయి, కొంత మురికి వదులుతుంది, కానీ క్రిములన్నీ చావవు. అందుకే నేను ఒక నిమిషం వేడినీటి పద్ధతి చెబుతాను. గిన్నె నిండా నీళ్లు తెర్లించి, కడిగిన ఆకును అందులో వేసి, మూత పెట్టకుండా, మనసులో అరవై లెక్కపెట్టి, తీసి వెంటనే చల్లని నీళ్లలో వేయాలి. చూడండి, రంగు ఎలా ఉందో. పచ్చి ఆకు కంటే ముదురుగా, నిగనిగలాడుతూ ఉంది. ఇలా చేస్తే సి విటమిను, ఫోలేటు అనే బి విటమిను కొంత పోతాయి. ఆ నష్టం నాకు తెలుసు. కానీ మన నీళ్లు, మన మార్కెట్లు చూసిన దాన్నిగా నేను ఆ నష్టానికి ఒప్పుకుంటాను. సి విటమినును జామపండుతో, నిమ్మకాయతో తిరిగి తెచ్చుకోవచ్చు. వానాకాలంలోనైతే పచ్చి ఆకు మిక్సీలో వేయనే వద్దు. గర్భిణులు, ఐదేళ్ల లోపు పిల్లలు ఉన్న ఇళ్లలో ఏ కాలంలోనూ వద్దు.

ఆ వేడి నీటికి ఇంకొక ప్రయోజనం కూడా ఉన్నది. ఇది నా సొంత అనుభవంతో కలిసి ఉన్న విషయం కాబట్టి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను, మన్నించండి.

పదవీ విరమణ చేసిన కొత్తలో నేను కూడా మీలాగే ఉత్సాహంతో మొదలుపెట్టాను. రోజూ పొద్దున పరగడుపున, రెండు పెద్ద పిడికిళ్ల పచ్చి పాలకూర, నీళ్లు, నిమ్మరసం. రోజూ అదే ఆకు. దాదాపు సంవత్సరం తాగాను. ఆ ఎండాకాలంలో ఒక రాత్రి నడుము పక్క నుండి ముందుకు పొడుచుకువచ్చే నొప్పితో ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చింది. మూత్రపిండంలో రాయి అన్నారు. డాక్టరు గారు అన్నీ అడిగి, "పొద్దున ఏమి తాగుతున్నారు?" అన్నారు. చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపి నా వైపు చూశారు. నా రాయికి పాలకూర ఒక్కటే కారణమని నేను చెప్పను. మన ఎండలు మీకు తెలుసు, ఆ ఎండలో నేను నీళ్లు తక్కువ తాగే మనిషిని. కానీ ముప్పై ఏళ్లు పిల్లలకు ఆక్సలేట్ల గురించి పాఠం చెప్పిన నేను, ఆ పాఠాన్ని నా గ్లాసుకు వర్తింపజేసుకోలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉన్నది, అందుకే ఈ విషయం ఎక్కడ మాట్లాడినా వదలను.

ఆక్సలేట్ అంటే ఏమిటి? కొన్ని ఆకుల్లో సహజంగా ఉండే ఆమ్ల లవణం. పాలకూరలో, తోటకూరలో, గంగవాయిలి కూరలో ఇది బాగా ఎక్కువ. మెంతికూరలో, కొత్తిమీరలో చాలా తక్కువ. ఒంట్లోకి ఎక్కువగా చేరిన ఆక్సలేట్ మూత్రంలో కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా మారితే, అవే రాళ్లవుతాయి. మనకు ఎక్కువగా వచ్చే రాళ్లు ఈ రకానివే. అయితే ఆక్సలేట్‌లో ఒక భాగం నీటిలో కరుగుతుంది. ఆకును తెర్లే నీళ్లలో వేసి ఆ నీళ్లు పారబోస్తే, ఆ కరిగే భాగంలో కొంత నీళ్లతో పోతుంది. ఆవిరి మీద పెడితే అంతగా పోదు, నీళ్లలోనే వేయాలి, ఆ నీళ్లు తాగకూడదు. రెండవ ఉపాయం మన అమ్మమ్మలకు తెలిసిందే. వాళ్లు ఆ పేరుతో చెప్పలేదు, అంతే. పాలకూరలో పెరుగు, గంగవాయిలి కూర తిన్న తరువాత చల్ల. పెరుగులోని కాల్షియం కడుపులోనే ఆక్సలేట్‌ను పట్టుకుంటుంది, అది రక్తంలోకి పోకుండా మలంతో బయటికి పోతుంది.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. ఆకు మార్చండి. సోమవారం పాలకూర అయితే మంగళవారం మెంతికూర, బుధవారం మునగాకు, గురువారం కొత్తిమీర, పుదీన కలిపి. రోజూ ఒకే కూర వండితే ఇంట్లో ఊరుకుంటారా? మరి గ్లాసులో రోజూ ఒకే ఆకు ఎందుకు?

ఇక్కడ మీలో చదువుకున్న అమ్మాయిలు నన్ను పట్టుకోవచ్చు. పెరుగు వేస్తే కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు కదా అని. నిజమే. అందుకే నేను రెండు రకాల గ్లాసులు చెబుతాను, రెండింటినీ కలపవద్దు.

మొదటిది పుల్లని గ్లాసు. ఇందులో పాలు, పెరుగు ఉండవు. పిడికెడు మెంతికూర లేదా మునగాకు, సగం జామపండు, ఒక చిన్న ఉసిరికాయ ముక్కలు, ఒక చెంచా వేయించిన పల్లీలు, నీళ్లు. జామలో సి విటమిను 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, నిమ్మకంటే చాలా ఎక్కువ. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి ఈ సి విటమినే సాయం చేస్తుంది. మార్గశిరంలో జామ, ఉసిరి, మెంతి, మూడూ బండ్ల మీదికి వస్తాయి, కాబట్టి ఇంతకంటే మంచి కాలం లేదు. ఈ గ్లాసు తాగిన తరువాత గంట వరకు టీ తాగకండి. టీలోని పదార్థాలు ఇనుమును పట్టుకుని కూర్చుంటాయి. ఎంత మంచి పానీయం చేసుకున్నా వెంటనే టీ తాగితే మీ కష్టంలో సగం వృథా. టీ మానలేని ఇళ్లు ఉన్నాయని నాకు తెలుసు. గంట ఆగమని అడుగుతున్నాను, మానమని అడగడం లేదు.

రెండవది చల్ల గ్లాసు. వేడినీళ్లలో వేసి తీసిన పాలకూర లేదా గంగవాయిలి కూర, చిన్న కీరదోస ముక్క, నాలుగు పుదీన ఆకులు, చిటికెడు జీలకర్ర పొడి, రెండు కల్యమాకు రెబ్బల ఆకులు, ఒక గ్లాసు పలుచని చల్ల. ఇది తీపి కాదు, ఉప్పు కూడా చిటికెడు చాలు. ఎండాకాలంలో మధ్యాహ్నం దీనికి సాటి లేదు. గంగవాయిలి కూరలో సహజంగానే పులుపు ఉంటుంది కాబట్టి నిమ్మకాయ అవసరం లేదు. పొలం గట్ల మీద కలుపుగా పీకి పారేసే ఈ ఆకులో, చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వుల కుటుంబానికే చెందిన ఒక కొవ్వు చాలా ఆకుకూరల్లో కంటే ఎక్కువగా ఉన్నదని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మన పొలంలో, మన కాళ్ల కింద!

పల్లీలు ఎందుకు వేయమన్నాను? ఆకుపచ్చ ఆకులో బీటా కెరోటిన్ ఉన్నది, ఒంట్లో అది ఎ విటమినుగా మారుతుంది. అది కొవ్వులో కరిగేది. కొవ్వు అసలే లేని నీళ్ల పానీయంలో అది వచ్చిన దారినే పోతుంది. ఒక చెంచా పల్లీలు, లేదా నువ్వులు చాలు. పల్లీలు వేయించే ముందు చేతిలో పోసుకుని చూడండి. నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు వాసన వచ్చేవి తీసి పారేయండి. ఆ బూజులో కాలేయానికి హాని చేసే విషం ఉంటుంది, వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు.

తీపి గురించి ఒక్క మాట. మొన్న ఒక ఇంట్లో నాకు ఆకుపచ్చ స్మూతీ ఇచ్చారు. రుచి అద్భుతం. ఏమేమి వేశారని అడిగితే రెండు అరటిపండ్లు, నాలుగు ఖర్జూరాలు, ఒక చెంచా తేనె, నాలుగు పాలకూర ఆకులు. లెక్క కట్టి చూశాను, దాదాపు 50 గ్రాముల తీపి. అంటే పది చెంచాల చక్కెరతో సమానం. రంగు ఆకుది, రుచి చక్కెరది. ఆ ఇంటి పెద్దాయనకు షుగరు వ్యాధి ఉన్నది. పండును నమిలి తింటే రెండు అరటిపండ్లకు కడుపు నిండుతుంది, గ్లాసులో తాగితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, మళ్లీ ఆకలి వేస్తుంది. కాబట్టి ఒక గ్లాసుకు సగం పండు, అంతే. తేనె, బెల్లం, ఖర్జూరం వద్దు. మొదటి వారం చేదనిపిస్తుంది, రెండో వారానికి నాలుక అలవాటు పడుతుంది. వడకట్టకండి కూడా. వడకడితే పీచంతా చెత్తబుట్టలోకి పోతుంది. జామ గింజలు పంటి కింద పడతాయనుకుంటే చెంచాతో గింజల భాగాన్ని ముందే తీసేయండి.

ఇప్పుడు చేసి చూపిస్తాను. పెద్ద జారు వద్దు, చట్నీ జారు తీసుకోండి. పెద్ద జారులో పిడికెడు ఆకు వేస్తే అది గోడలకు అతుక్కుంటుంది, బ్లేడుకు అందదు. ముందు పొడి జారులో పల్లీలు పొడి చేయాలి. తరువాత అడ్డంగా తరిగిన ఆకు, మూడు చెంచాల నీళ్లు మాత్రమే. నీళ్లు ఎక్కువైతే ఆకు తేలుతుంది, నలగదు. కొంచెం తిప్పి ఆపాలి, మళ్లీ కొంచెం తిప్పాలి. ఏకబిగిన తిప్పితే జారు వేడెక్కుతుంది, నురగ వస్తుంది. మిక్సీ శబ్దంలో నా మాట వినిపించదు, అర నిమిషం ఆగుతాను.

ఇదిగో, వేలితో రాసి చూడండి, పీచు తగలకూడదు. ఇప్పుడు జామ ముక్కలు, ఉసిరి. ఆ తరువాత మిగిలిన నీళ్లు. నిమ్మకాయ పిండేవారు గ్లాసులో పోసిన తరువాతనే పిండండి. ఆకు పచ్చదనానికి కారణమైన పత్రహరితం పులుపులో నిలవదు, పులుపు, వేడి కలిస్తే మరీ త్వరగా ఖాకీ రంగులోకి మారుతుంది. అందుకే వేడినీళ్ల నుండి తీసిన ఆకును పూర్తిగా చల్లార్చమన్నాను. చేసిన వెంటనే తాగండి. పొద్దున చేసి సాయంత్రానికి దాచకండి, ఏడాది లోపు పిల్లలకు అసలు పట్టకండి.

ఆకుపచ్చ రసం అనగానే సొరకాయ కూడా వేసేవారు ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక చేస్తాను. మనం ఆనిగెపుకాయ అంటాము. కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి. ఏ మాత్రం చేదు ఉన్నా ఆ కాయ మొత్తం పారేయండి. ఆరోగ్యానికి చేదు మంచిదని మింగవద్దు. ఆ చేదు విషం, దానివల్ల రక్తపు వాంతులై ప్రాణాలు పోయినవారు మన దేశంలో ఉన్నారు.

మందులు వాడేవారు కూడా వినండి. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ఈ పానీయం మొదలుపెట్టవద్దు. ఆకుల్లోని కె విటమిను ఆ మందుకు ఎదురు పని చేస్తుంది. మూత్రపిండాల పనితీరు తగ్గినవారికి ఆకుల్లోని పొటాషియం భారం అవుతుంది, వారు కూడా అడగాలి. థైరాయిడ్ మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకోండి, గంట తరువాత ఈ గ్లాసు.

వెనుక నుండి ఒక అమ్మాయి జారు ఎలా కడగాలని అడుగుతోంది. మంచి ప్రశ్న. బ్లేడు కింద, రబ్బరు వాషరు కింద ఆకు తొక్క అతుక్కుని ఎండిపోతుంది, మరునాటికి వాసన వస్తుంది, అక్కడే క్రిములు పెరుగుతాయి. గ్లాసు నోటికి పెట్టుకోక ముందే జారులో సగం వరకు నీళ్లు పోసి ఒకసారి తిప్పి పారబోయండి. వాషరును రోజూ ఊడదీసి కడగండి.

ఇక ఈ జారులో ఎనిమిది చిన్న గ్లాసులకు సరిపడా మెంతికూర, జామ పానీయం ఉన్నది. పక్క గిన్నెలో చల్లతో చేసిన పాలకూర పానీయం ఉన్నది. పొద్దున మీలో చాలామంది టీ తాగే వచ్చి ఉంటారు, కాబట్టి ఈ రోజుకు చల్ల గ్లాసే తీసుకోండి. టీ తాగనివారు ముందుకు వచ్చి జామది తీసుకోండి. ఇదివరకు రాళ్లు వచ్చినవారు ఎవరైనా ఉంటే పాలకూర గ్లాసు ముట్టుకోకుండా నా దగ్గరికి రండి, మీకోసం కొత్తిమీర, పుదీన, చల్లతో వేరేగా తిప్పుతాను. నేను తాగేది కూడా అదే.